మందు ముట్టకపోయినా మీటర్ మోగితే: సిరప్‌లు, మౌత్‌వాష్‌లలోని ఆల్కహాల్

చుక్క ముట్టని మనిషి కూడా బ్రీత్ ఎనలైజర్‌లో దొరికిపోవచ్చు. అప్పుడే పుక్కిలించిన మౌత్‌వాషో, గొంతులో కొట్టుకున్న స్ప్రేనో చాలు. డ్యూటీ ఎక్కే ముందు రోజూ ఊదాల్సిన డ్రైవర్లు, పైలట్లు ఈ సంగతి తప్పకుండా తెలుసుకోవాలి.

ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చే గాలిలో ఆల్కహాల్ ఎంతుందో మీటర్ కొలుస్తుంది. రక్తంలో దానికి సుమారు 2100 రెట్లు ఉంటుందని లెక్క కడుతుంది. చిగుళ్ల సందుల్లో, నాలుక మీద తడిగా మిగిలిన ఆల్కహాల్ ఆవిరి ఆ గాలిలో కలిస్తే, దాన్నీ అదే లెక్కలో వేస్తుంది. తిప్పలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

10 శాతం ఆల్కహాల్ ఉన్న సిరప్ 10 మి.లీ. తాగారనుకోండి. ఒంట్లోకి వెళ్లేది 1 మి.లీ., అంటే దాదాపు 0.8 గ్రాములు. 65 కిలోల మగవారి రక్తంలో అది 100 మి.లీ.కి 2 మిల్లీగ్రాములైనా ఉండదు. అదే సిరప్ మింగిన నిమిషంలోనే ఊదితే మాత్రం బాగా తాగినవాళ్లకు వచ్చేంత అంకె రావచ్చు. ఒంట్లో లేనిది నోట్లో ఉందన్నమాట.

మౌత్‌వాష్‌లలో కొన్నిటికి 20 శాతం పైనే ఆల్కహాల్ ఉంటుంది. హోమియో టింక్చర్లలో ఇంకా చాలా ఎక్కువ. ఆయుర్వేద ఆసవాలు, అరిష్టాలలో పులియబెట్టడం వల్ల దానంతటదే పుడుతుంది, కాబట్టి విడిగా కలిపినట్టు రాసి ఉండకపోవచ్చు. కొన్ని ఆస్తమా ఇన్‌హేలర్లలోనూ కొద్దిగా ఉంటుంది. శానిటైజర్ తాగేది కాకపోయినా, చేతులు ఆరకముందే మీటర్ పట్టుకుంటే ఆ ఆవిరి సెన్సర్‌కు తగలొచ్చు.

సీసా మీద ఇథనాల్ (మద్యంలో ఉండే ఆల్కహాల్ ఇదే), ఇథైల్ ఆల్కహాల్, డీనేచర్డ్ ఆల్కహాల్, ఎలిక్సిర్, టింక్చర్, స్పిరిట్ అనే మాటల కోసం చూడండి. సిటైల్ ఆల్కహాల్, సార్బిటాల్, జైలిటాల్ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అవి ఇథనాల్ కావు. ‘షుగర్ ఫ్రీ’ అని ఉన్నంత మాత్రాన ఆల్కహాల్ లేదని కాదు.

సిరప్, మౌత్‌వాష్, స్ప్రే లాంటివి వాడాక, ఊదే ముందు కనీసం 15 నిమిషాలు, వీలైతే 20 నిమిషాలు ఆగండి. నీళ్లతో పుక్కిలించడం మంచిదే గానీ, అది ఆగడానికి బదులు కాదు. ఈలోగా ఏమీ తినకండి, తాగకండి, పొగ తాగకండి. త్రేన్పు వచ్చినా, వాంతయినా మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. నోటి వాసన పోవాలని ఊదబోయే ముందు మౌత్‌వాష్ వాడటం కంటే పెద్ద పొరపాటు ఇంకోటి లేదు. డాక్టర్ రాసిన మందును మాత్రం పరీక్ష కోసం మానేయకండి, ఆల్కహాల్ లేని రకం రాయమని అడగండి.

మీటర్ మోగితే వాదనకు దిగకండి. ఏ సిరప్ లేదా మౌత్‌వాష్, ఎన్నింటికి, ఎంత వాడారో వెంటనే చెప్పి రాయించండి, సీసా చూపించండి. 15–20 నిమిషాల తర్వాత మళ్లీ ఊదించమని అడగండి. ఆ రెండో అంకే అసలు సాక్ష్యం. నోటి ఆల్కహాల్ అయితే ఈపాటికి సున్నాకో, దాని దగ్గరికో వచ్చేస్తుంది. రక్తంలోది గంటకు 100 మి.లీ.కి సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పునే తగ్గుతుంది, అందుకే నిజంగా తాగినవాళ్లకు ఈ ఆగడం పనికిరాదు. రెండోసారీ అంకె దిగకపోతే వెంటనే రక్త పరీక్ష కోరండి, ఆలస్యమైతే దాని విలువ తగ్గిపోతుంది.

తాగుడు మానడానికి డైసల్ఫిరామ్ వాడేవాళ్ల సంగతి వేరు. సిరప్‌లోని కొద్ది ఆల్కహాల్‌కే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు రావచ్చు. మూత్రంలో ఇథైల్ గ్లూకురోనైడ్ (ఆల్కహాల్ నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థం) చూసే పరీక్ష ఉన్నవాళ్లకూ 20 నిమిషాల సూత్రం పనికిరాదు. ఆ పదార్థం రెండు మూడు రోజుల దాకా దొరకొచ్చు. వీళ్లిద్దరూ ఆల్కహాల్ లేని రకాలే వాడాలి.