ఇంగ్లిష్ రాయడం వచ్చు, నోరు తెరిస్తే మాత్రం తడబాటు

ఈ మాట అనేవాళ్ళు చాలామంది మళ్ళీ గ్రామర్ పుస్తకం మొదటి పేజీ తీస్తారు. కాలు బెణికితే జలుబు మందు వేసుకున్నట్టే అది. మాట ఎక్కడ ఆగుతోందో ముందు పట్టుకోవాలి.

సమస్య: వాక్యం మొదలై మధ్యలో ఆగిపోతుంది

కారణం: తెలుగులో క్రియ చివర వస్తుంది. "మీరు చెప్పిన పుస్తకం కొన్నాను" అన్నప్పుడు 'కొన్నాను' ఆఖరి మాట. ఇంగ్లిష్‌లో అదే రెండో మాట: "ఐ బాట్ ద బుక్ యూ మెన్షన్డ్." తెలుగులో అనుకుని మారుస్తుంటే, మనసులో వాక్యమంతా పూర్తయ్యేదాకా ఆ రెండో మాట దొరకదు. కొత్త పదాలు ఎన్ని బట్టీ పట్టినా ఈ తడబాటు పోదు.

పరిష్కారం: ఎవరు, ఏం చేశారు - ఈ రెండూ ముందు పలికేయండి. "ఐ బాట్" అన్నాక కాస్త ఆగినా ఫర్వాలేదు. రోజూ పది నిమిషాలు, ఆ రోజు చేసిన పనులను పైకి చెప్పుకోండి. చెబుతున్నప్పుడు తప్పులు దిద్దుకోవద్దు. ఫోన్‌లో రికార్డు చేసి తర్వాత విని దిద్దుకోండి. (మొదట్లో మన గొంతు మనకే నచ్చదు. ఓర్చుకోవాలి.)

సమస్య: "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్"

కారణం: మన 'నుంచి'. "2020 నుంచి" అన్నా, "రెండేళ్ళ నుంచి" అన్నా మనకు ఒకటే మాట. ఇంగ్లిష్‌లో మొదలైన సమయానికి సిన్స్, గడిచిన కాలానికి ఫర్. పైగా 'పనిచేస్తున్నాను' అనుకోగానే నోటికి 'యామ్ వర్కింగ్' వచ్చేస్తుంది. అప్పుడెప్పుడో మొదలై ఇంకా సాగుతున్న పనికి 'హావ్ బీన్' కావాలి.

పరిష్కారం: క్యాలెండర్ మీదో గడియారం మీదో వేలు పెట్టి చూపించగలిగితే సిన్స్, లెక్కపెట్టి చెప్పేదైతే ఫర్. "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్."

సమస్య: "ఐ డిడ్ నాట్ వెంట్"

జరిగిపోయిందన్న సంగతి 'డిడ్' చెప్పేసింది, ఇక 'గో' చాలు. ఇక్కడ తెలుగే సాయం: మనమూ 'వెళ్ళలేదు' అంటాం గానీ 'వెళ్ళాను లేదు' అనం.

సమస్య: "యస్" అంటే అవతలివాళ్ళు తికమకపడతారు

"తినలేదా?" అంటే "ఆఁ, తినలేదు" అంటాం, అడిగినవాళ్ళ ఊహ నిజమేనని ఒప్పుకోవడం అది. ఇంగ్లిష్ ఆ ఊహను పట్టించుకోదు, తిన్నామా లేదా అన్నదే చూస్తుంది. తినకపోతే "నో, ఐ డిడింట్." ఒంటి యస్, ఒంటి నో మానేసి, వాటి వెనక "ఐ డిడ్", "ఐ డిడింట్" లాంటి రెండు మాటలు కలిపి చెప్పండి.

సమస్య: ఎ, యాన్, ద

తెలుగులో ఇవి లేవు కాబట్టి కుదరడానికి ఏళ్ళు పడుతుంది. వీటికోసం మాట ఆపొద్దు, తప్పినా అర్థం చాలావరకు చెడదు. రాసినప్పుడు మాత్రం పంపేముందు ఇంకోసారి వీటి కోసమే చదవండి. బుక్, చైర్ లాంటి లెక్కపెట్టగల మాట ఏకవచనంలో ఒంటరిగా కనిపిస్తే, దాని ముందు ఎ, ద, మై, దిస్‌లలో ఏదో ఒకటి దాదాపుగా తప్పిపోయినట్టే.