పిల్లిని ఇసుక నుంచి లిట్టర్‌కు మార్చడం ఎలా?

ఇసుకలో ఉచ్చ అడుగుకు దిగి కంపు కొడుతుంది. లిట్టర్ అంటే పిల్లి దొడ్డికి వెళ్లడానికి టబ్‌లో పోసే గుళికలు. తడి తగిలితే ఉండకట్టే బెంటొనైట్ అనే బంకమట్టి లిట్టర్ నయం. మూడు నెలల్లోపు పిల్లికూనలు మాత్రం దాన్ని తినేస్తాయి, వాటికి ఇసుకే ఉంచండి.

మూతున్న ఫ్యాన్సీ డబ్బా కొనకండి, వాసనంతా లోపలే ఉండిపోతుంది. పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లుండే ప్లాస్టిక్ టబ్, చిల్లుల గరిట చాలు. తిండి గిన్నెకు దూరంగా పెట్టి, మూడు అంగుళాల మందం పోయండి. రెండు పిల్లులుంటే మూడు టబ్బులు. అంత చోటు లేకపోతే రెండో పిల్లిని తెచ్చుకోకండి.

అందరూ చెడగొట్టేది మార్పు దగ్గరే. ఇసుకంతా ఒకేసారి పారబోసి కొత్తది నింపుతారు. సాయంత్రానికి సోఫా వెనక తడి కనిపిస్తే పిల్లికి పొగరంటారు! చిన్నప్పుడు కాళ్లకు ఏది అలవాటైతే పిల్లి దాన్నే వెతుక్కుంటుంది.

మొదట ఇసుక మూడు వంతులు, లిట్టర్ ఒక వంతు కలపండి. తర్వాత దూరంగా కూర్చుని చూడండి. గుంట తవ్వి, పనయ్యాక వెనక్కి తిరిగి వాసన చూసి కప్పిందంటే దారిలో పడినట్టే. నాలుగైదు రోజులు అలాగే సాగితే సగం సగం చేయండి, ఆ పైన ముప్పావు. టబ్ అంచు మీద కాళ్లు పెట్టి నిలబడినా, లిట్టర్ వదిలేసి గోడనో నేలనో గీకినా కాళ్లకు అది నచ్చలేదన్నమాట. సిగ్గుపడకుండా పాత పాళ్లకు వెళ్లిపోండి. కాళ్లు పట్టుకుని గోకించే ప్రయత్నాలు వద్దు, టబ్ అంటేనే భయపడుతుంది. లావెండర్ వాసన లిట్టర్ మనుషుల కోసం చేసింది, పిల్లికి అక్కర్లేదు. న్యూస్‌పేపర్ ముక్కలు చాలనేవాళ్లూ ఉన్నారు. దాంతో పిల్లి ఏం కప్పుతుంది, నిన్నటి వార్తలా?

ఉండలు రోజూ తీసేయాలి. మనుషులకూ జబ్బు తెచ్చే టాక్సోప్లాస్మా క్రిమి మలంలోంచి అంటుకునే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి ఈ పని వాయిదా వేయొద్దు. గర్భిణులు అసలు ముట్టుకోవద్దు. టబ్‌ను గిన్నెల సబ్బుతో కడగండి. మన ఇళ్లలో దేనికైనా ఫినాయిలే కదా, ఇక్కడ అది పనికిరాదు. నల్ల ఫినాయిల్‌లోని ఫినాల్ పిల్లి కాలేయానికి సరిగా విరగదు, కాళ్లు నాకితే విషమే.

ఇంతా చేశాక కూడా కొన్ని పిల్లులు కప్పవు. టబ్బులోనే పోతుంటే వదిలేయండి. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగకుండా వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.