సైటు రూపం మారాక బ్యాక్ బటన్ మొరాయిస్తోందా? సమస్య - పరిష్కారం

రోజూ చూసే సైటుకు కొత్త రూపం వచ్చినప్పుడు రంగులు, అక్షరాలు నచ్చకపోయినా నాలుగు రోజుల్లో కళ్లు సర్దుకుంటాయి. బ్యాక్ నొక్కితే ఎక్కడికో పోవడం, చదువుతున్న చోటు తప్పిపోవడం, దాచుకున్న లింకులు చచ్చిపోవడం మాత్రం ఎన్నాళ్లయినా విసిగిస్తూనే ఉంటాయి. వీటిలో కొన్నింటికి మందు మన చేతిలో ఉంది, కొన్నింటికి లేదు. ఏది ఏ రకమో ముందు తేల్చుకోవాలి.

అందుకు ఒక్క పరీక్ష చాలు. అదే సైటును ప్రైవేట్ విండోలో, అంటే క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటోలో, తెరవండి. అక్కడ పాత కుకీలు (మిమ్మల్ని గుర్తుపట్టడానికి సైటు మీ బ్రౌజర్‌లో ఉంచే చిన్న సమాచారం) ఉండవు, క్యాష్ అనే దాచిపెట్టిన పాత ఫైళ్లుండవు, ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) కూడా మామూలుగా ఆగి ఉంటాయి. అక్కడ అంతా సవ్యంగా నడిస్తే తప్పు మీ బ్రౌజర్‌లో మిగిలిపోయిన పాత సరుకుది, లేదా ఏదో ఎక్స్‌టెన్షన్‌ది. అక్కడా అదే తంతు అయితే తప్పు సైటుదే. అప్పుడు మీరు ఎన్నిసార్లు క్యాష్ తుడిచినా ప్రయోజనం ఉండదు. చాలామంది కోపంలో హిస్టరీ మొత్తం చెరిపేసి, అన్ని సైట్లలోనూ మళ్లీ లాగిన్ అవుతూ కూర్చుంటారు. ఆ పని చేయకండి.

బ్యాక్ నొక్కినా ఉన్నచోటే ఉంటోంది

మీరు నొక్కిన లింకు నేరుగా గమ్యానికి వెళ్లకుండా మధ్యలో ఒక చిరునామాను తాకి వెళ్తోందన్నమాట. బ్యాక్ నొక్కగానే బ్రౌజర్ ఆ మధ్య పేజీకి వస్తుంది, అది వెంటనే మిమ్మల్ని మళ్లీ ముందుకు తోసేస్తుంది. బ్యాక్ బటన్‌ను నొక్కి పట్టుకోండి, లేదా దాని మీద కుడి క్లిక్ చేయండి. మీరు వచ్చిన దారంతా జాబితాగా కనిపిస్తుంది. అందులో రెండు మెట్లు వెనకున్న పేజీని ఎంచుకుంటే ఆ ఉచ్చు దాటిపోతారు. 2019 నుంచి క్రోమ్ ఇలాంటి దొంగ మెట్లను తనంతట తానే దాటవేసే ప్రయత్నం చేస్తోంది. కానీ ఆ పేజీలో మీరు ఎక్కడైనా ఒక్క క్లిక్ చేసి ఉంటే దాన్ని అసలైన పేజీగానే లెక్కిస్తుంది.

ఫొటో మార్చినా, వడపోత మార్చినా హిస్టరీలో ఒక మెట్టు చేర్చే సైట్లూ ఉన్నాయి. బయటపడాలంటే బ్యాక్ పదిసార్లు నొక్కాలి. దీనికీ ఆ జాబితాయే దిక్కు.

బ్యాక్ నొక్కితే సైటు నుంచే బయటపడుతున్నాను

ఇది పై దానికి తలకిందులు. కొత్త రూపాల్లో ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే. వెనకటి సైట్లలో ప్రతి క్లిక్కుకూ కొత్త పేజీ వచ్చేది, బ్రౌజర్ దాన్ని తన లెక్కలో రాసుకునేది. ఇప్పుడు చాలా సైట్లలో పేజీ ఒక్కటే, లోపలి సరుకును స్క్రిప్టు, అంటే పేజీలో నడిచే చిన్న ప్రోగ్రాము, మారుస్తూ పోతుంది. మనం ఒక చోటు నుంచి మరో చోటుకు వెళ్లామని హిస్టరీలో రాయాల్సిన బాధ్యత కూడా ఆ స్క్రిప్టుదే. పుష్‌స్టేట్ అనే ఏర్పాటు ఉన్నది అందుకే. రాసినవాళ్లు దాన్ని మరిచిపోతే, మీరు పది అంశాలు చదివినా బ్రౌజర్ దృష్టిలో మొదటి పేజీ నుంచి కదలనే లేదు.

అడ్రస్ బార్‌ను చూస్తూ ఒక అంశం మీద క్లిక్ చేయండి. తెర మారినా చిరునామాలో ఒక్క అక్షరం కూడా మారకపోతే రోగం ఇదే. అలాంటి చోట రీలోడ్ చేసినా, లింకు ఎవరికైనా పంపినా మొదటి పేజీయే వస్తుంది.

బ్యాక్‌ను నమ్ముకోవడం మానేసి ప్రతి అంశాన్నీ కొత్త ట్యాబ్‌లో తెరవడమే దీనికి ఉపాయం. కంట్రోల్ నొక్కి ఉంచి క్లిక్ చేయండి, మ్యాక్‌లో అయితే కమాండ్. మౌస్ చక్రాన్ని నొక్కినా చాలు. చదివాక ట్యాబ్ మూసేస్తే జాబితా ఎక్కడ వదిలారో అక్కడే ఉంటుంది. అదీ పనిచేయకపోతే దాని మీద కుడి క్లిక్ చేసి చూడండి. కొత్త ట్యాబ్‌లో తెరిచే అవకాశం ఆ మెనూలో కనిపించలేదంటే అది లింకు కాదు, లింకులా గీసిన బటన్. లింకు అనే సౌకర్యం వెబ్ పుట్టినప్పటి నుంచీ ఉచితంగా ఉండగా దాన్ని కాదని బటన్ ఎందుకు గీస్తారో నాకు అంతుబట్టదు. సరే, ట్యాబ్ మీదే కుడి క్లిక్ చేసి నకలు తీసుకోండి, ఆ నకలులో క్లిక్ చేయండి.

ఇక బ్యాక్‌స్పేస్ మీట నొక్కితే వెనక్కి వెళ్లడం లేదన్న ఫిర్యాదుకు కొత్త రూపంతో సంబంధం లేదు. ఫారం నింపుతూ పొరపాటున ఆ మీట నొక్కి రాసిందంతా పోగొట్టుకుంటున్నారని క్రోమ్ 2016లోనే ఆ అలవాటును తీసేసింది. దాని బదులు ఆల్ట్, ఎడమ బాణం కలిపి నొక్కాలి.

వెనక్కి వస్తే జాబితా మళ్లీ మొదటికొస్తోంది

బ్రౌజర్లు మీరు వదిలిన పేజీని ఉన్నది ఉన్నట్టుగా కాసేపు మెమరీలో ఉంచుకుంటాయి. ఫైర్‌ఫాక్స్‌లో ఇది 2005 నుంచీ ఉంది, కంప్యూటర్ మీద క్రోమ్‌కు 2021లో వచ్చింది. అయితే పేజీని వదిలేటప్పుడు నడవాల్సిన స్క్రిప్టులు అందులో ఉంటే ఈ సౌకర్యం చాలాసార్లు దక్కదు. కిందికి జరిపేకొద్దీ కొత్త అంశాలు వచ్చిపడే పేజీల్లో దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది: తిరిగి వచ్చేసరికి మొదటి విడత మాత్రమే ఉంటుంది. సైటు సెట్టింగుల్లో పేజీ సంఖ్యల పద్ధతి ఉంటే దానికి మారిపోండి. లేకపోతే మళ్లీ కొత్త ట్యాబే శరణ్యం. ట్యాబ్‌ను చాలాసేపు వదిలేసి వచ్చినప్పుడే ఇలా జరుగుతోందంటే క్రోమ్ మెమరీ ఆదా చేయడానికి దాన్ని దించేసి ఉండవచ్చు. సెట్టింగుల్లో పనితీరు విభాగానికి వెళ్లి ఆ సైటుకు మినహాయింపు ఇవ్వండి.

మళ్లీ మళ్లీ లాగిన్ అడుగుతోంది, లేదా దారి మళ్లింపులు ఎక్కువయ్యాయంటోంది

ప్రైవేట్ విండోలో బాగున్నదంటే పాత కుకీకి, కొత్త సైటుకు పొసగడం లేదు. లాగిన్ పేజీ మిమ్మల్ని లోపలికి పంపుతుంది, లోపలి పేజీ పాత కుకీని చూసి బయటికి గెంటుతుంది. ఇలా ఇరవై సార్లు తిరిగాక క్రోమ్ చేతులెత్తేస్తుంది. పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకుని, అడ్రస్ బార్‌కు ఎడమ పక్కనున్న గుర్తును నొక్కి ఆ ఒక్క సైటు కుకీలను, డేటాను తొలగించండి. అక్కడ పూర్వం తాళం బొమ్మ ఉండేది, 2023 నుంచి క్రోమ్‌లో దాని స్థానంలో రెండు చిన్న గీతలు, సున్నాలతో వేరే బొమ్మ వచ్చింది. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కితే పాత ఫైళ్లను పక్కనబెట్టి పేజీ తాజాగా వస్తుంది. మీ బుక్‌మార్క్ పాత లాగిన్ పేజీకే ఉంటే దాన్ని తీసేసి సైటు మొదటి పేజీని దాచుకోండి.

మెనూ మాయమైంది

చాలాసార్లు దీనికి కారణం జూమ్. 1366 పిక్సెళ్ల తెర మీద 150 శాతం జూమ్ పెడితే సైటుకు కనిపించే వెడల్పు సుమారు 911 పిక్సెళ్లే. మీరు ట్యాబ్లెట్ వాడుతున్నారనుకుని అది మెనూను మూడు గీతల గుర్తులోకి ముడిచేస్తుంది. కంట్రోల్, సున్నా కలిపి నొక్కి చూడండి. అక్షరాలు చిన్నవైపోయి ఇబ్బందిగా ఉంటే 125 దగ్గర ఆగండి.

పేజీ బిగుసుకుపోయింది

స్క్రోల్ కాదు, క్లిక్ కాదు. ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్ కుకీల నోటీసును కంటికి కనిపించకుండా చేసింది గానీ, ఆ నోటీసు పేజీకి వేసిన తాళం అలాగే ఉండిపోయింది. ఈ సైటు వరకు ఎక్స్‌టెన్షన్‌ను ఆపి, నోటీసుకు జవాబిచ్చి, మళ్లీ పెట్టుకోండి.

చూసిన లింకుల రంగు మారడం లేదు

చిరునామాలు మారితే బ్రౌజర్‌కు అవన్నీ కొత్త లింకులే. పైగా 2025లో వచ్చిన క్రోమ్ 136 నుంచి, వేరే సైటులో నొక్కి చూసిన లింకు ఇక్కడ చూసినట్టుగా కనిపించదు. మన వైపు నుంచి చేయగలిగింది పెద్దగా లేదు.

దాచుకున్న లింకులన్నీ 404 (పేజీ దొరకలేదు) అంటున్నాయి

పేజీ చాలాసార్లు పోయి ఉండదు, కొత్త చిరునామాకు మారి ఉంటుంది. శీర్షికలోని నాలుగు మాటలను కొటేషన్ గుర్తుల్లో పెట్టి సెర్చ్ ఇంజిన్‌లో వెతకండి. దొరక్కపోతే పాత చిరునామాను ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో అతికించండి, పాత ప్రతి దొరికే అవకాశం ఉంది.

దీనికి అసలు మందు సైటు నడిపేవారి దగ్గరే ఉంది. పాత చిరునామాలన్నింటినీ 301 పద్ధతిలో, అంటే శాశ్వతంగా, కొత్తవాటికి మళ్లిస్తే చాలు. వాళ్లకు రాసేటప్పుడు "కొత్త డిజైన్ బాగాలేదు" అని రాస్తే చదివి పక్కన పడేస్తారు. ఏ పేజీలో ఉన్నారు, ఏది నొక్కారు, చిరునామా మారిందా లేదా, ప్రైవేట్ విండోలోనూ అలాగే ఉందా, బ్రౌజర్ పేరు, వెర్షన్ ఏమిటి అన్నవి రాయండి. 404 అయితే పాత చిరునామాను పూర్తిగా అతికించండి.