లేత గుర్రానికి ఎంత పని? రేపు పొద్దున కాలు పట్టి చూడండి

మా హనుమకొండ వైపు గుర్రం అంటే ఎక్కువగా బరాత్ గుర్రమే. సవారీ ఇష్టంతో మార్వాడీ, కాఠియావాడీ జాతి గుర్రపు పిల్లలను తెచ్చుకునేవాళ్లూ కొందరున్నారు. రెండేళ్ల పిల్ల ఇంటికి రాగానే అడిగేది ఒక్కటే: "అన్నా, రోజుకు ఎంతసేపు ఉరికియ్యాలె?" ఇన్ని నిమిషాలని చెప్పి పంపడం సులువే. కానీ ఒక పిల్లకు సరిపోయిన లెక్క ఇంకోదాని కాలు తీస్తుంది. ఇవాళ చేయించిన పని ఎక్కువైందో లేదో రేపు పొద్దున గానీ తెలియదు. లేత గుర్రం ఉషారుగా ఉన్నప్పుడు తన ఎముక ఓర్చుకునేదాని కంటే ఎక్కువే ఉరుకుతుంది. నొప్పి రాత్రి చల్లబడ్డాక బయటపడుతుంది.

అందుకే రోజూ దాణా పెట్టకముందే నాలుగు కాళ్లనూ మోకాలి నుంచి డెక్క దాకా అరచేత్తో నిమరండి. కాలు చల్లగా ఉండాలి, ఎముకా దాని వెనక తాడులా ఉండే నరమూ (టెండన్) వేళ్లకు విడివిడిగా తగలాలి. ఒక కాలు పక్కకాలి కంటే వెచ్చగా ఉందంటే ఆ రోజు పని లేదు. దవడ కింద వేళ్లు పెట్టి నాడి చూడండి. ఎదిగిన గుర్రం నిలకడగా ఉన్నప్పుడు నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, లేతదానికి కొంచెం ఎక్కువ. ఊపిరి 8 నుంచి 16. ఒంటి వేడి 99 నుంచి 101.5 డిగ్రీల ఫారన్‌హీట్. మీ పిల్లకు మామూలుగా ఎంతెంత ఉంటాయో ఒక వారం కాగితం మీద రాసిపెట్టుకుంటే, తేడా వచ్చిన రోజు వెంటనే తెలుస్తుంది.

ముంగాలి లోపలి వైపు గట్టి బుడిపె

మోకాలి కింద చింతగింజంత బుడిపె. నొక్కితే కాలు లాక్కుంటుంది. నడకలో ఏమీ తెలియదు గానీ దుల్కిలో (నడకకూ దౌడుకూ మధ్య పరుగులో) సన్నగా కుంటుతుంది.

మోకాలి కింది పెద్ద ఎముకకు అటొకటి ఇటొకటి సన్నటి ఎముకలుంటాయి. లేత వయసులో అవి నారతో అతుక్కుని ఉంటాయి, ఏళ్లు గడిచేకొద్దీ ఎముకగా కలిసిపోతాయి. గట్టి నేల మీద ఉరికించినా, తాడు కట్టి చిన్న వలయంలో గిరగిరా తిప్పినా ఆ నార సాగి వాస్తుంది, దాని మీద కొత్త ఎముక పేరుకుంటుంది. దీన్నే స్ప్లింట్ అంటారు. ఐదేళ్ల లోపు గుర్రాల్లో ఇది ఎక్కువ.

నా మూడేళ్ల పిల్లకు ఇది నేనే తెచ్చిపెట్టాను. వరి కోతలు అయ్యేదాకా పొలం ఖాళీగా ఉండదని ఇరవై రోజులు తారు రోడ్డు మీద దుల్కి చేయించాను. ఇరవై ఒకటో పొద్దున ఎడమ ముంగాలి మీద చేయి వేస్తే వెచ్చటి గింజ తగిలింది. ముందురోజు సాయంత్రం అది తోక ఎత్తి ఉరికింది, నేను మురిసిపోయాను. ఆ తర్వాత ఆరువారాలు ఉత్త నడకే. నొప్పి పోయింది. బుడిపె మాత్రం ఉండిపోయింది, ఇప్పటికీ పొద్దున నిమిరేటప్పుడు నా చేయి అక్కడ ఆగుతుంది.

బుడిపె కనిపించిన రోజే దుల్కి, తాడు తిప్పుడు ఆపేయండి. రోజుకు రెండు మూడు సార్లు, ప్రతిసారి 15 నుంచి 20 నిమిషాలు పైపుతో చల్లటి నీళ్లు పట్టండి. వేడి, నొప్పి పూర్తిగా పోయేదాకా చేత్తో పట్టుకుని నడిపించడం తప్ప ఇంకో పని వద్దు. తరచుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వాపు పెద్దదైనా, నడకలోనే కుంటుతున్నా సన్న ఎముక విరిగి ఉండొచ్చు, ఎక్స్‌రే తీయించాల్సిందే. ఎవరైనా వాతలు పెట్టమంటే దయచేసి వినకండి. లోపల ఎముక దగ్గరున్న నొప్పికి పైన తోలు కాల్చితే పిల్లకు ఇంకో బాధ కలుపుతున్నట్టే.

ఇక నేల సంగతి. వాన పడి ఒకరోజు ఆరిన ఎర్ర చలక అన్నిటికంటే మంచిది. నల్లరేగడి తడిస్తే డెక్కను పట్టి గుంజుతుంది, ఎండితే రాయంత గట్టిపడుతుంది. కరీంనగర్ వైపు వాళ్లకు మానేరు ఇసుక ఉంది. తేమ ఉన్న అంచున నడిపించవచ్చు గానీ, లోతైన పొడి ఇసుకలో ఉరికిస్తే కాలి వెనక నరాలు దెబ్బతింటాయి.

పొద్దున మొదటి అడుగులు బిగుసుకుని పడటం

కొట్టం నుంచి బయటికి తీస్తే చిన్న చిన్న అడుగులు వేస్తుంది, పది నిమిషాలు నడిచాక సర్దుకుంటుంది. సర్దుకుంది కదా అని మళ్లీ ఉరికిస్తారు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు.

పనిలో పెట్టిన కొన్ని వారాలకే గుండె, ఊపిరి బలపడతాయి, కండ నిండుతుంది. ఎముకకూ నరానికీ నెలలు పడుతుంది. పైకి చూస్తే గుర్రం తయారైనట్టే ఉంటుంది, లోపల ఇంకా లేతగానే ఉంటుంది. కాళ్లలో ఎముక పెరిగే పొరలు కింది నుంచి పైకి గట్టిపడుతూ వస్తాయి. మోకాలి పైది మూసుకునేసరికి రెండు, రెండున్నరేళ్లు. వెన్నుపూసలవి పూర్తయ్యేసరికి ఐదారేళ్లు. మనం కూర్చునేది ఆ వెన్ను మీదే.

నేను పాటించే లెక్క ఇది. రెండేళ్ల పిల్లకు చేత్తో నడిపించడం, డెక్కలు ఎత్తనివ్వడం, ట్రాక్టరు చప్పుడు అలవాటు చేయడం, అంతవరకే. మూడు నిండాక తేలికపాటి రౌతుతో 20 నుంచి 30 నిమిషాలు, వారానికి నాలుగు రోజులు, అందులో సగం నడకే. నాలుగేళ్లకు 45 నిమిషాలు. సమయం పెంచిన వారం వేగం పెంచను, వేగం పెంచిన వారం సమయం పెంచను. తాడుతో తిప్పితే 20 మీటర్ల వెడల్పు వలయంలో, రెండు వైపులా కలిపి పది నిమిషాలు, వారానికి రెండుసార్లకు మించకుండా.

పొద్దున బిగుసుకుపోతే మూడు రోజులు నడక మాత్రమే చేయించి, తర్వాత పాత పనిలో సగం నుంచి మొదలుపెట్టండి. భయపడి రోజంతా గుంజకు కట్టేయకండి. కదలిక లేకపోయినా ఎముక బలహీనపడుతుంది. కాలు వెచ్చగా లేకుంటే, కంచె ఉన్న జాగాలో వదిలిపెడితే అది తనకు కావలసినంత తానే తిరుగుతుంది.

జీను చూడగానే చెవులు వెనక్కి పెట్టడం

పటకా (జీను కదలకుండా పొట్ట కింద కట్టే పట్టీ) బిగిస్తుంటే కొరకబోతుంది, ఎక్కగానే వీపు కుంగదీస్తుంది. "మొండిది" అని పేరు పెట్టేముందు జీను తీసి వీపు చూడండి. చెమట పట్టిన వీపు మీద అరచేయంత పొడి మచ్చ ఉంటే జీను అక్కడే నొక్కుతోంది. అదే చోట తర్వాత తెల్ల వెంట్రుకలు వస్తాయి. ఇక బరువు. ఎదిగిన గుర్రానికి జీనుతో కలిపి దాని బరువులో 20 శాతం హద్దు, అంటే 350 కిలోల గుర్రానికి 70 కిలోలు. మూడేళ్లదానికి నేను 50 దాటనివ్వను. ఇంట్లో సన్నటివాళ్లు లేకపోతే ఇంకో ఏడాది ఆగండి.

కళ్ళెం పెట్టగానే తల విసరడం

ముందు పళ్లు చూడండి. రెండున్నర, మూడున్నర, నాలుగున్నరేళ్లకు ముందరి పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. అదే కాలంలో లోపలి దంతాలూ మారతాయి. చిగుళ్లు సలుపుతుంటే ఇనుము ఎలా ఓర్చుకుంటుంది? రెండు మూడు వారాలు కళ్ళెం లేకుండా తలతాడుతోనే పని చేయించండి.

పని ఆపినా ఊపిరి తగ్గకపోవడం

నీడలో పది నిమిషాలు నిలబెట్టాక నాడి 60 దగ్గరికి దిగాలి. దిగకపోతే ఆ రోజు పని ఎక్కువైంది, లేదా ఎండ ఎక్కువైంది. మే నెలలో మా దగ్గర ఎండ 42 దాటుతుంది. ఆరున్నరకల్లా కొట్టం చేరేలా పొద్దుగాలే పని ముగించాలి. ఒంటి వేడి 104 దాటితే ఒళ్లంతా ఆపకుండా నీళ్లు పోయండి, తాగినన్ని తాగనివ్వండి. వేడి మీద నీళ్లు తాగితే చస్తుందనే మాట నిజం కాదు. అంత వేడిలోనూ చెమట పట్టకుండా ఒళ్లు పొడిగా ఉంటే ప్రమాదం. 1962కు ఫోన్ చేస్తే పశువైద్య వాహనం వస్తుంది.

సెలవు తర్వాత ఉన్నట్టుండి బిగుసుకుపోవడం

రెండు రోజులు ఖాళీగా నిలబెట్టి, దాణా మాత్రం పూర్తిగా పెట్టి, మూడో రోజు పనికి తీస్తే పిరుదుల కండలు రాయిలా బిగుస్తాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది. ఒక్క అడుగు కూడా నడిపించకండి. ఉన్నచోటే నీళ్లిచ్చి డాక్టరును పిలవండి. ఇకముందు సెలవు రోజున దాణా సగానికి తగ్గించి గడ్డి పెంచండి.

పని తగ్గించినా నీరసం

వానాకాలంలో జోరీగలు ఎక్కువైనప్పుడు జ్వరం వచ్చి పోతూ, కాళ్లూ పొట్ట కిందా వాపు దిగి, పిల్ల చిక్కిపోతుంటే అది సర్రా (జోరీగలు అంటించే రక్తపు జబ్బు) కావచ్చు. రక్తపరీక్ష చేయించండి. మామునూరు, కోరుట్లలో పశువైద్య కళాశాలలున్నాయి. రక్తం బాగుంటే తిండి చూడండి. వరి పండే ఊళ్లలో తవుడు చవకని కుండలు కుండలు పెడతారు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. అదే ముఖ్య దాణా అయితే పెరిగే ఎముక లోపలే గుల్లబారుతుంది. ఎండుగడ్డి, పచ్చగడ్డి ముందు, నానబెట్టిన శనగలో ఉలవలో తర్వాత, తవుడు చివరన కొంచెం. ఉప్పు రోజూ ఉండాలి.

బరాత్‌కు అడిగారు, పిల్లకు నాలుగేళ్లే

పని కనిపించదు గానీ అలసట ఉంటుంది. పెళ్లికొడుకు బరువు, డీజే మోత, జనరేటరు లైట్లు, సిమెంటు రోడ్డు మీద మూడు గంటల నిలబాటు. ఐదు నిండకముందు నేను పంపను. తప్పదనుకుంటే ఖాళీ వీపుతో పెద్ద గుర్రం పక్కన అరగంట నడిపించి వెనక్కి తెచ్చేయండి. మర్నాడు పొద్దున కాళ్లు పట్టి చూశాకే ఇంకో పెళ్లికి మాట ఇవ్వండి.