పళ్లొచ్చే పిల్లలకు చలికాలంలో మొహం కందిపోతుంటే

ధనుర్మాసం వచ్చిందంటే మా విజయనగరంలో తెల్లవారుజామున మంచు పట్టేస్తుంది. మా గుంటడికి ఏడో నెల సరిగ్గా సంక్రాంతి ముందు పడింది. కింద చిగురులో రెండు తెల్లటి గీతలు కనిపించాయి, ఆ వెంటే చొంగ మొదలైంది. వారం తిరక్కుండానే గడ్డమంతా కందిపోయి, పాలు తాగుతూ మధ్యలో వదిలేసి ఏడ్చేవాడు. "పళ్లొస్తున్నాయి కదమ్మా, అదే తగ్గిపోతుందిలే" అన్నారు మా అత్తగారు. పళ్ల మాట నిజమే కానీ దానంతట అది తగ్గలేదు. ఆ మొహాన్ని పాడుచేసింది చొంగ సగం, నేను తుడిచిన తుడుపు సగం అని ఆలస్యంగా అర్థమైంది.

నోటి చుట్టూ, గడ్డం మీద ఎర్రగా సన్నటి పొక్కులు

కారణం: చొంగ. అందులో తిండిని అరిగించే ఎంజైములు ఉంటాయి. రోజంతా తడిగా ఉన్న చర్మం నాని మెత్తబడుతుంది. చలికాలపు పొడిగాలికి పై తడి ఇట్టే ఆరిపోయి చర్మం బిగుసుకుంటుంది. మళ్లీ తడి, మళ్లీ ఆరడం. పసిపిల్లల చర్మం మనకంటే పల్చన, ఇంత తాకిడికి తట్టుకోలేదు. దీనికి తోడు మనం చీర చెంగుతో గంటకు పదిసార్లు తుడుస్తాం. గంజి పెట్టిన చెంగును రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి, గరగరలాడుతుంది. నాని ఉన్న చర్మం మీద దాన్ని రుద్దితే పై పొర లేచిపోతుంది.

పరిష్కారం: తుడవకండి, అద్దండి. మా మామగారి పాత పొందూరు ఖద్దరు పంచె ఉతికి ఉతికి వెన్నలా అయింది. దాన్ని జానెడు ముక్కలుగా చింపి పన్నెండు గుడ్డలు చేశాను. మీ ఇంట్లో ఉన్న ఏ పాత నూలు గుడ్డయినా పనికొస్తుంది. గంజి, సువాసన ద్రవాలు మాత్రం వేయకుండా ఉతకండి.

గోరువెచ్చని నీళ్లలో ఒక గుడ్డ ముంచి పిండి, గడ్డం మీద ఆనించి తీయండి. సబ్బు వద్దు, సువాసన ఉన్న వైప్స్ వద్దు. తర్వాత పొడి గుడ్డతో అలాగే అద్ది, తడి పూర్తిగా పోయాక శనగగింజంత పెట్రోలియం జెల్లీ పల్చగా రాయండి. వాసన లేని మామూలు తెల్ల జెల్లీ చాలు. అది చొంగకూ చర్మానికీ మధ్య అడ్డంగా నిలబడుతుంది. అందుకే పుండు పడ్డాక రాయడం కన్నా ముందే రాయడం మేలు: పాలిచ్చే ముందు, నిద్రపుచ్చే ముందు, బయటికి తీసుకెళ్లే ముందు. బిబ్ తడిస్తే వెంటనే మార్చండి. పడుకోబెట్టేటప్పుడు మాత్రం బిబ్ తీసేయాలి, మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది.

కొబ్బరినూనె రాయొచ్చా అని అందరూ అడుగుతారు. చిట్లని చర్మానికి ఫరవాలేదు కానీ చొంగకు తొందరగా కొట్టుకుపోతుంది. ఆవనూనె మొహానికి వద్దే వద్దు, మంట పుట్టిస్తుంది.

చొంగ తగలని చోట కూడా బుగ్గలు గరుకుగా, పగిలినట్టు

ఇది చలిగాలి పని, ఎక్కువసార్లు మన స్నానం పని కూడా. పొగలు కక్కే నీళ్లు, ఒళ్లంతా సున్నిపిండి నలుగు. ఈ రెండూ చర్మంలోని సహజమైన జిడ్డును లాగేస్తాయి. చలి తగ్గేదాకా మొహానికి నలుగు మానండి. మోచేతికి గోరువెచ్చగా తగిలే నీళ్లతో ఐదు పది నిమిషాల్లో స్నానం ముగించి, ఒంటి మీద తేమ ఉండగానే వాసన లేని క్రీము రాయండి. సాంబ్రాణి పొగ పట్టకండి.

సాలూరు, పార్వతీపురం వైపు పొద్దుటి బస్సెక్కితే కిటికీ పక్కన కూర్చోకండి. ఉన్ని మంకీక్యాప్ గడ్డానికి తగిలేచోట లోపల నూలు గుడ్డ పెట్టండి. భోగి మంట దగ్గరికి పిల్లల్ని ఎత్తుకుని వెళ్లాలని అందరికీ ఉంటుంది, కానీ ఆ సెగ, పొగ ఈ మొహానికి మంచిది కాదు. దూరం నుంచి చూపించండి.

మెడ మడతల్లో ఒరిసిపోయి, వాసన

చొంగ, పాలు కారి మడతలో నిలిచిపోతాయి. మడత విప్పి శుభ్రంచేసి బాగా ఆరనివ్వండి. పౌడరు వద్దు: తడికి ముద్దకడుతుంది, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది. నిగనిగలాడే ఎరుపు, చుట్టూ చిన్న చుక్కలు ఉంటే ఫంగస్ కావచ్చు. దానికి జెల్లీ చాలదు, డాక్టరు రాసిచ్చిన మందే కావాలి.

తేనె రంగు పెచ్చులు, చీము, లేదా రాత్రంతా దురద

పెచ్చులు, చీము ఉంటే సూక్ష్మక్రిములు చేరినట్టు. బుగ్గలతో పాటు నుదురు, మోచేతులు, మోకాళ్లు కూడా గరుకెక్కి, బిడ్డ మీ భుజానికి మొహం రుద్దుతుంటే ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు, అనుమానించాలి. రెండింటికీ పిల్లల డాక్టరు దగ్గరికే వెళ్లండి. మందుల షాపులో అడిగి తెచ్చిన ట్యూబు రాయకండి. అలాంటి వాటిల్లో చాలావరకు స్టెరాయిడ్ కలిపి ఉంటుంది, పసి మొహానికి అది హాని.

అన్నప్రాసన అయ్యాక నోటి చుట్టూ మచ్చలు

టమాటా, కమలా రసం పులుపు చిట్లిన చర్మాన్ని మండిస్తుంది. తినిపించే ముందు జెల్లీ రాసి, తిన్నాక అద్దండి. ఏదైనా తిన్న కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఆగని వాంతులు, ఊపిరాడకపోవడం కనిపిస్తే అది అలర్జీ. వెంటనే 108కి ఫోన్ చేయండి.

చిగుళ్ల నొప్పితో ఏడుపు

శుభ్రంగా కడిగిన వేలితో చిగురు నెమ్మదిగా నొక్కండి. ఫ్రిజ్‌లో చల్లబెట్టిన తడిగుడ్డ, మీరు పక్కనే ఉండి, నమలనివ్వండి. గడ్డకట్టించింది ఇవ్వకండి. ఏడాది లోపు తేనె నాకించడం ప్రమాదం, ప్రాణం మీదికి తెచ్చే బోట్యులిజం అనే జబ్బు రావచ్చు. చిగుళ్లకు రాసే తిమ్మిరి జెల్ కూడా వద్దు. బెంజోకైన్ అనే తిమ్మిరి మందు ఉన్నవాటిని రెండేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో గట్టిగా హెచ్చరించింది.

పళ్లు వచ్చేటప్పుడు ఒళ్లు కాస్త వెచ్చబడొచ్చు. 100.4 ఫారెన్‌హీట్ దాటితే దాన్ని పళ్ల జ్వరం అనుకోకండి. విరేచనాలు కూడా అంతే. పండగ హడావుడిలో ఉన్నా ఆ రోజే చూపించండి.