చిన్న పూల కాలికోతో క్విల్ట్: డిజైన్ తేలడానికి నేను చేసిన మార్పు

పాతకాలపు చిట్టి పూల కాలికో (పూల ప్రింట్ వేసిన నూలు) బట్టలంటే నాకు ప్రాణం. వాటితోనే నక్షత్రం డిజైన్‌లో క్విల్ట్, అంటే ముక్కలు కలిపి కుట్టే దుప్పటి, మొదలుపెట్టాను. దగ్గరగా చూస్తే ఒక్కో ముక్కా ముచ్చటగా ఉంది. కాస్త దూరం జరిగి చూస్తే మాత్రం నక్షత్రమే కనబడదు, అంతా మసకగా కలిసిపోయింది.

ముక్కలన్నీ నేలమీద పరిచి ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీశాను. అసలు సంగతి అక్కడ బయటపడింది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ మూడూ ఒకేలాంటి బూడిద రంగులో కనిపించాయి. రంగులు వేరైనా ముదురుదనం ఒకటే. పైగా పూల సైజూ ఒకటే, ఇక కన్ను ఎక్కడ నిలుస్తుంది?

కుట్టు విప్పి, నక్షత్రం మొనలకు బాగా ముదురు నీలం ప్రింట్ వేశాను. వాటి చుట్టూ ప్రింట్ లేని మీగడ రంగు బట్ట, మధ్య చదరానికి కొంచెం పెద్ద పువ్వు. మొనలు టక్కున తేలాయి! చిట్టి పూల అందం కూడా ఇప్పుడే సరిగ్గా కనిపిస్తోంది. సాదా బట్ట లేకుండా ఈ ప్రింట్లు రాణించవని నా అభిప్రాయం.

ముదురు ఎరుపు వాడేటప్పుడు ముందు తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే విడిగా ఉతికి, దిగడం ఆగాకే కత్తిరించండి.