స్పోర్ట్స్ బైకుకి కొత్త టైర్లు ఎలా ఎంచుకోవాలి? ముందు పాత టైరుని చదవండి

టైరు షాపులో అడుగు పెట్టగానే మన కుర్రాళ్లు అడిగే మొదటి మాట “అన్నా, మాంచి గ్రిప్ ఉన్న టైరేది?” అని. ఆయన కొట్లో ఉన్నవాటిలో ఖరీదైనదో, చాన్నాళ్లుగా అమ్ముడుపోనిదో తీసి చూపిస్తాడు. ఆయన్ని అనుకోవడానికేం లేదు. ఎక్కడ నడుపుతారో, ఎంత బరువుతో నడుపుతారో చెప్పకుండా గ్రిప్ అడిగితే ఎవరైనా చేసేది అదే. మన విశాఖలో రోజూ గాజువాక నుంచి ఎన్ఏడీ జంక్షన్ మీదుగా కాలేజీకి వెళ్లే యమహా ఆర్15కీ, ఆదివారం తెల్లారకుండానే అనంతగిరి ఘాట్ ఎక్కే కేటీఎం ఆర్సీ 390కీ కావాల్సింది ఒకే టైరు కాదు. మీకేది కావాలో తేల్చుకోవడానికి యూట్యూబ్ రివ్యూల కన్నా మీ బండికున్న పాత టైరే ఎక్కువ పనికొస్తుంది. విప్పించేసే ముందు ఓ పావుగంట దాని దగ్గర కూర్చోండి.

1. పాత టైరు ఎక్కడ అరిగిందో చూడండి

ఇంజిన్ ఆపి, బండిని ప్యాడాక్ స్టాండ్ (చక్రాన్ని నేల నుంచి లేపి పట్టుకునే స్టాండు) మీద పెట్టండి. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ చూడండి.

వెనక టైరు మధ్యలో బల్లపరుపుగా అరిగిపోయి, రెండు పక్కలా గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయా? అయితే మీ బండి ఎక్కువగా నిటారుగానే పరుగెత్తుతోందన్నమాట. 16వ నంబరు జాతీయ రహదారి మీద అనకాపల్లి వైపు రోజూ ఉద్యోగానికి వెళ్లొచ్చేవాళ్ల టైర్లు సాధారణంగా ఇలాగే తయారవుతాయి. ఇలా చదునైన టైరుతో ఘాట్ రోడ్డెక్కితే, మలుపులో బండి మొదట వంగనని మొరాయిస్తుంది, తర్వాత ఒక్కసారిగా పడిపోతున్నట్టు వంగుతుంది. చాలామంది అది తమకి నడపడం రాకపోవడం వల్లే అనుకుంటారు. సగం సందర్భాల్లో తప్పు టైరు ఆకారానిది.

మధ్యతోపాటు పక్కలు కూడా సమానంగా అరిగితే మీరు మలుపుల్లో బండిని బాగానే వంచుతున్నారు. అంచు దాకా అరగలేదని మాత్రం బాధపడొద్దు. రుషికొండ దగ్గర టీ తాగుతూ ఒకరి టైరు అంచులు ఒకరు కొలిచే సరదా ఒకటి ఉంది. పబ్లిక్ రోడ్డు మీద అంచు దాకా వాడితే, మలుపులో ఇసుక కనిపించినప్పుడు వాడుకోవడానికి ఇంకేమీ మిగలదు.

ముందు టైరుని అరచేత్తో తడిమి చూడండి. ఒక వైపు రాస్తే నున్నగా, వెనక్కి రాస్తే గరుకుగా తగిలితే, లేదా ఎగుడుదిగుడుగా ఉంటే, గాలి తక్కువగా ఉంచి నడిపారేమో, ఫోర్కు ఆయిల్ సీళ్లు, స్టీరింగ్ బేరింగులు ఎలా ఉన్నాయో ముందు చూపించండి. అది సరిచేయకుండా వేసిన కొత్త టైరూ అలాగే అరుగుతుంది.

గాడుల అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మలుంటాయి. టైరు అంచున టీడబ్ల్యూఐ (అరుగుదల గుర్తు) అనే అక్షరాలో, చిన్న త్రికోణమో వాటిని చూపిస్తుంది. రబ్బరు ఆ దిమ్మల మట్టానికి దిగిందంటే టైరు పని అయిపోయింది. వానాకాలం ముందైతే అంతదాకా ఆగొద్దు, ఎందుకంటే నీటిని పక్కకి తోసేది ఆ గాడుల లోతే. పక్క గోడల మీద సన్నటి పగుళ్లు కనిపిస్తే మాత్రం గాడులెంత మిగిలినా మార్చాల్సిందే. అపార్ట్‌మెంటు బయట ఎండలో నిలబెట్టే బళ్లకి ఇది త్వరగా వస్తుంది.

2. పక్క గోడ మీది అంకెలు రాసుకోండి

ఉదాహరణకి ఆర్15 వెనక టైరు మీద 140/70 ఆర్17 66హెచ్ లాంటి వరుస ఉంటుంది. 140 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 70 అంటే టైరు ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, అంటే 98 మిల్లీమీటర్లు. 17 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. 66 బరువు సూచిక, ఆ టైరు 300 కిలోల దాకా మోస్తుంది. చివరి అక్షరం వేగానిది: ఎస్ అయితే గంటకి 180 కిలోమీటర్లు, హెచ్ 210, వి 240, డబ్ల్యూ 270. బరువు సూచికా, వేగం అక్షరమూ కంపెనీ ఇచ్చినదానికి సమానంగానో, అంతకన్నా ఎక్కువగానో ఉండాలి. తగ్గకూడదు. “మనం 200లో ఎక్కడ వెళ్తాం తమ్ముడూ” అని ఎవరైనా తక్కువ రేటింగు అంటగట్టబోతే ఒప్పుకోవద్దు. ఆ అక్షరం వేడిని తట్టుకునే శక్తిని కూడా చెబుతుంది. మే నెలలో మన తారు రోడ్ల మీద అది అక్కరకొస్తుంది.

మధ్యలో ఉన్న ఆర్ అక్షరం రేడియల్ అని, అంటే లోపలి దారాలు టైరుకి అడ్డంగా నేరుగా వేసినవని చెబుతుంది. దాని బదులు చిన్న గీత ఉంటే బయాస్ టైరు, అందులో దారాలు ఏటవాలుగా ఉంటాయి. ఆర్15కి కంపెనీయే ముందు బయాస్, వెనక రేడియల్ వేసి ఇచ్చింది కాబట్టి ఆ కలయికతో ఇబ్బంది లేదు. ముందు రేడియల్ వేసి వెనక బయాస్ వేయడం మాత్రం వద్దు. రెండూ మారుస్తుంటే ఒకే కంపెనీ, ఒకే మోడల్ జత తీసుకోండి.

3. లావు టైరు మోజు

దీని గురించి వద్దని చెప్పేవాళ్లు తక్కువ, వేయించుకునేవాళ్లు ఎక్కువ. 130 టైరుండే రిమ్ముకి 150 ఎక్కిస్తే వెనకనుంచి చూడ్డానికి పెద్ద బండిలా ఉంటుంది నిజమే. కానీ రిమ్ము వెడల్పు మారలేదు కదా. ఇరుకు రిమ్ములో ఇరికిన లావు టైరు అంచులు లోపలికి లాక్కుని నడిమి భాగం ఉబ్బుతుంది. నేలని తాకే చోటు పెరగదు, పైగా బండి బరువుగా, నెమ్మదిగా తిరుగుతుంది. మైలేజీ, పికప్ రెండూ కాస్త దిగుతాయి. కొన్ని బళ్లలో చైనుకో, చైను గార్డుకో రాసుకుంటుంది కూడా.

సైజు మార్చాలనే ఉంటే ముందు రిమ్ము మీద పోసిన అంకె చూడండి. 17 x ఎంటీ 3.50 లాంటిది ఉంటుంది, అందులో 3.50 రిమ్ము వెడల్పు, అంగుళాల్లో. టైరు కంపెనీ పట్టికలో ఆ వెడల్పుకి ఒప్పుకున్న సైజులే వేయాలి. మొత్తం వ్యాసం కూడా లెక్కేయండి. 140/70 టైరు వ్యాసం దాదాపు 628 మిల్లీమీటర్లు, 150/60 టైరుది దాదాపు 612. పైకి లావుగా కనిపించేదే నిజానికి పొట్టిది! వెనక భాగం కాస్త దిగి స్టీరింగ్ తీరు మారుతుంది. బ్రేకు కొట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ముందు, వెనక చక్రాల వేగాన్ని పోల్చి చూసుకుంటుంది కాబట్టి ఈ తేడాని తేలిగ్గా తీసుకోవద్దు. నన్నడిగితే, కంపెనీ సైజులోనే మంచి టైరు వేయించి మిగిలిన డబ్బుతో చైను స్ప్రాకెట్ మార్పించుకోవడం మేలు.

4. మీ రోడ్డుకి తగ్గ రబ్బరు

ఇక్కడే అసలు ఎంపిక. టైరులో వాడే రబ్బరు మిశ్రమాన్ని కాంపౌండ్ అంటారు. మెత్తటి కాంపౌండ్ పెన్సిల్ గీత చెరిపే రబ్బరులాంటిది, బాగా పట్టుకుంటుంది, అంతే త్వరగా అరిగిపోతుంది. గట్టి కాంపౌండ్ ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది కానీ తడిలో, చల్లటి రోడ్డు మీద నమ్మకం తక్కువ. డ్యూయల్ కాంపౌండ్ టైర్లలో మధ్య గట్టిగా, పక్కలు మెత్తగా ఉంటాయి. హైవే మీద రోజూ తిరుగుతూ నెలకోసారి ఘాట్ ఎక్కేవాళ్లకి, అంటే పాత టైరు మధ్యలో చదునైనవాళ్లకి, నేను మొదట సూచించేది అదే.

మన ఊరి రోడ్లు మరీ విచిత్రం. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సముద్రం పక్క రోడ్డు మీదికి గాలి ఇసుకని తెచ్చి పోస్తుంది. పోర్టు, సింధియా, మల్కాపురం వైపు లారీల నుంచి కారిన ఆయిలూ, నల్లటి దుమ్మూ. శృంగవరపుకోట దాటి టైడా మీదుగా అరకు వెళ్లే ఘాట్‌లో చలికాలం పొద్దున్నే మంచు, తడి ఆకులు, వేడెక్కని రోడ్డు. జూన్ నుంచి నవంబరు దాకా, తుపానులు కూడా కలుపుకుంటే, ఏడాదిలో దాదాపు సగం తడే. ఇలాంటి చోట ట్రాక్ కోసం చేసిన టైరు డబ్బు దండగ. అది వేడెక్కితేనే పట్టుకుంటుంది, మామూలు రోడ్డు మీద ఆ వేడి రాదు. ఇసుకకి మాత్రం ఏ టైరూ మందు కాదు, అక్కడ వేగం తగ్గించుకోవడమే.

గాడులెక్కువుంటే వానలో ఆగుతుందన్నది సగమే నిజం. గాడులు నీటిని తోస్తాయి. నీరు పోయాక నేలని పట్టుకునేది రబ్బరు, తడిలో పట్టు కోసం అందులో కలిపే సిలికా. అందుకే ప్యాకెట్ మీద, కంపెనీ సైటులో తడి గ్రిప్ గురించి ఏం రాశారో చూడండి. టీవీఎస్ కంపెనీ 2020లో తన పూర్తి ఫెయిరింగ్ (ఒళ్లంతా తొడుగున్న) బండి అపాచీ ఆర్ఆర్ 310కి మిషెలిన్ రోడ్ 5 టైర్లు వేసి అమ్మింది. అవి స్పోర్ట్ టూరింగ్ టైర్లు, అంటే వేగానికీ దూర ప్రయాణాలకీ కలిపి చేసినవి, తడి రోడ్డుకి పేరున్నవి. ట్రాక్ మీద పుట్టిన బండి అని చెప్పుకునేదానికే అలాంటివి వేశారంటే, మనం పోస్టరు చూసి స్లిక్ (గాడుల్లేని రేసు టైరు) లాంటివి అడగడంలో అర్థం లేదు.

150 నుంచి 200 సీసీ బళ్లకి అపోలో ఆల్ఫా, ఎంఆర్ఎఫ్ రెవ్జ్, టీవీఎస్ యూరోగ్రిప్, సియట్ రేడియళ్లు, మిషెలిన్ పైలట్ స్ట్రీట్ లాంటివి చూడొచ్చు. 300 దాటితే పిరెల్లి డయాబ్లో రోసో, మెట్జలర్ స్పోర్టెక్ వరకూ వెళ్లొచ్చు, జేబు ఒప్పుకుంటే. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది. విదేశీ మోడళ్లలో మీ సైజు దొరకాలంటే ముందే షాపుకి ఫోన్ చేసి అడగడం మంచిది. మన పక్కనే అచ్యుతాపురంలో టైర్ల ఫ్యాక్టరీ ఉందిగా అని సంబరపడకండి, అక్కడ చేసేవి పొలాల్లో, గనుల్లో తిరిగే బళ్ల టైర్లు.

5. షాపులో

పక్క గోడ మీద నాలుగంకెల తారీకుంటుంది. 1825 అంటే 2025లో 18వ వారం. ఆర్నెల్లు, ఏడాది నీడలో ఉన్న టైరుకి ఏమీ కాదు. షాపు ముందు ఎండలో వేలాడదీసింది మాత్రం తారీకు కొత్తదైనా వద్దు. ఐఎస్ఐ గుర్తు ఉండాలి, దాని పైన ఐఎస్ 15627 అన్న నంబరు కనిపిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, బిల్లులో ఎంత వేశారో చూడండి. సెకండ్ హ్యాండ్ టైర్ల జోలికి వెళ్లొద్దు. లోపల ఎన్ని ప్యాచీలున్నాయో బయటికి తెలియదు.

6. బిగించేటప్పుడు పక్కనే ఉండండి

అల్లాయ్ రిమ్ముకి మెషీన్ ఉన్న చోటే వేయించండి. ఇనప కడ్డీలతో లాగితే అంచు చెక్కుకుపోయి గాలి మెల్లగా దిగుతుంది. టైరు మీది బాణం చక్రం తిరిగే వైపే ఉందా, చుక్క గుర్తుంటే అది వాల్వు దగ్గరికి వచ్చిందా చూసుకోండి. వాల్వు కొత్తది వేయించండి, దానికయ్యేది కొంచెమే. బ్యాలెన్సింగ్ తప్పక అడగండి. వెనక చక్రం బిగించాక చైను వదులు, రెండు వైపులా అడ్జస్టరు గీతలు సమానంగా ఉన్నాయో లేదో చూడండి. బయల్దేరే ముందు రెండు బ్రేకులూ గట్టిపడే దాకా నాలుగైదుసార్లు నొక్కండి. చక్రం తీసినప్పుడు ప్యాడ్లు వెనక్కి జరిగి ఉంటాయి, మొదటి నొక్కుకి బ్రేకు పడకపోవచ్చు.

7. మొదటి 200 కిలోమీటర్లు

కొత్త టైరు పై పొర జారుడుగా ఉంటుంది. గట్టిగా వంచకుండా, గట్టిగా బ్రేకు కొట్టకుండా, రోజు రోజుకీ కొంచెం కొంచెం వంపు పెంచుతూ నడపండి. సిటీ నుంచి భీమిలి దాకా నాలుగు ఉదయాలు వెళ్లొస్తే ఇంచుమించు సరిపోతుంది, ఆ తర్వాతే అరకు. మొదటి వారంలో వాన పడితే ఇంకా నెమ్మదిగా.

గాలి ఎంత పట్టించాలో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే కడ్డీ) మీది స్టిక్కరులోనో, మాన్యువల్లోనో ఉంటుంది. పక్క గోడ మీద రాసింది గరిష్ఠం, అంత పట్టించకూడదు. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి, కాబట్టి ఇంటి దగ్గరున్న బంకులోనే పట్టించండి. వెనక మనిషిని ఎక్కించుకుంటే స్టిక్కరు మీద రెండో అంకె ఉంటుంది, అది వాడండి. మర్నాడు పొద్దున మళ్లీ ఒకసారి చూడండి. రాత్రికి రాత్రి రెండు, మూడు పీఎస్ఐ దిగిందంటే టైరు అంచు రిమ్ములో సరిగ్గా కూర్చోలేదు లేదా వాల్వు కారుతోంది. సబ్బు నీళ్లు పోసి బుడగలొచ్చే చోటు చూసుకుని, బిల్లు పట్టుకుని అదే షాపుకి వెళ్లండి.